అల చప్పుడు చేసే గొట్టం

ఆ శనివారం ఉదయం ఆర్విడ్ చేతిలో ఉన్నవి ఇవి: కాల్చి పారేయగా ఏరి తెచ్చిన, మసిబారిన ఇత్తడి ఖాళీ తూటాలు ఐదు వందలు, ఐస్‌క్రీమ్ తిప్పే పాత మోటారు, మురుగునీటి గొట్టంలోంచి కోసిన మూరెడు ముక్క, బల్లులు పెంచుకునేవాళ్లు పంజరంలో పరిచే అక్రోటు పెంకుల రవ్వ ఒక సంచి. ఇవి కాక, పక్కింటి హార్లన్ పెరట్లో బోర్లించి ఉన్న ఆకుపచ్చ పడవ మీద మూడేళ్ల ఆశ.

బేరం ముందే కుదిరింది. జింకల వేట మొదలయ్యేలోగా హార్లన్ ఖాళీ తూటాల్లో మందు కూరి తనే నింపుకోవాలి, దానికి ముందు వాటి మసి వదలాలి. సాయంత్రం నాలుగింటికల్లా ఐదు వందలూ తళతళలాడితే పడవ ఆర్విడ్‌ది. లేదంటే హార్లన్ బావమరిది పట్టుకుపోతాడు.

నలభై ఏళ్లు ఇనుపసామాన్ల కొట్టు నడిపిన ఆర్విడ్‌కు ఇంకో కొట్లో తూటాలు మెరుగుపెట్టే యంత్రం కొనడమంటే నామోషీ. గొట్టంలో వంద తూటాలూ రవ్వా పోసి, రెండు మూతలు బిగించి, మోటారుకు తగిలించాడు. గొట్టం బద్ధకంగా పొర్లింది. లోపల రవ్వ జారి, ఆగి, మళ్లీ జారింది. కళ్లు మూసుకుంటే సరస్సులో పడవను అల మెల్లగా తడుతున్నట్టే ఉంది. ఆర్విడ్ మూసుకున్నాడు. పొగమంచులో ఆకుపచ్చ పడవ కదిలింది.

మొదటి వందా పెళ్లి ఉంగరాల్లా మెరుస్తూ బయటికొచ్చాయి. వాటిని షెడ్డు నేల మీద దుప్పటి పరిచి ఆరబోశాడు. రెండో వంద తిరుగుతుండగా, బీట్‌రూట్ ఊరగాయ పెడుతున్న భార్య ఇనెజ్ ఎర్రటి మరకల ఏప్రన్‌తోనే వచ్చింది.

"ఏంటా గోల ఆర్విడ్?"

"గోల కాదు, పడవ."

"పడవా! ఉన్న ట్రక్కుకే బ్రేకులు సరిగ్గా పడవు, నీకు మళ్లీ..."

మాట పూర్తికాలేదు. మడత కుర్చీలో కూలబడిన మనిషి, ఆ అల చప్పుడుకు కూర్చున్నట్టే తల వాల్చేసింది. స్కూలు బస్సు నడపడం మానేసినప్పటినుంచీ ఇనెజ్ వరసగా రెండు గంటలు నిద్రపోయిన రోజు లేదు. ఆర్విడ్ మునివేళ్ల మీద నడిచి, రెండో విడత తీద్దామని మోటారు ఆపాడు.

"ఎవరాపింది?" ఇనెజ్ కళ్లు తెరిచింది.

"తూటాలు తియ్యాలి కదే."

"దాన్ని ముట్టుకున్నావంటే ఈ చలికాలమంతా నీ వంట నువ్వే చేసుకో."

ఆర్విడ్ మళ్లీ మీట నొక్కాడు. తిప్పితే పెళ్లాం నిద్ర, ఆపితే పడవ. ఇంకో అరగంట చూద్దాంలే అనుకున్నాడు. ఆ అరగంట మధ్యాహ్నం దాకా సాగింది. అప్పుడు హార్లన్ కుంటుకుంటూ వచ్చాడు.

"ఏం ఆర్విడ్, వందేనా తేల్చింది? మా బావమరిదికి ఫోన్ చెయ్యమంటావా?" అంటూ బోర్లించిన బకెట్ మీద కూర్చుని కాలు చాపాడు. "ఈ మోకాలు కోయించుకున్నప్పటినుంచీ కన్ను మూతపడితే ఒట్టు..."

మూతపడింది. ఆర్విడ్ ఇద్దరికీ కాపలాగా గోడకు చేరగిలబడ్డాడు. అతని కళ్లూ మూతపడ్డాయి, పడవ సరస్సు మధ్యకు వెళ్లిపోయింది.

మూడున్నరకు భర్తను వెతుక్కుంటూ మావిస్ వచ్చింది. తలుపు సందులోంచి చూస్తే తన హార్లన్ గోడకు ఒరిగిపోయి ఉన్నాడు, ఇనెజ్ ఏప్రన్ నిండా ఎరుపు, ఆర్విడ్ నేల మీద, చుట్టూ వంద ఖాళీ తూటాలు. మావిస్ అక్కడినుంచే షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేసింది.

"ముగ్గురినీ కాల్చేశారు! వంద గుళ్లు!"

"వంద పేలితే మీకు వినపడలేదామ్మా?"

"టీవీ పెట్టుకున్నానయ్యా!"

షెరీఫ్ పంపిన డిప్యూటీ కర్టిస్ తుపాకీ చేతపట్టి, వంగి వంగి లోపలికొచ్చాడు. "ఎవరూ కదలొద్దు!" అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. హార్లన్ గురకపెట్టాడు. ఇనెజ్ ఏప్రన్ వాసన చూసి కర్టిస్ తుపాకీ ఒరలో పెట్టేసుకున్నాడు. రిపోర్టు రాయాలి కనక మెట్టు మీద కూర్చున్నాడు. తేదీ వేశాడు. గొట్టం పొర్లింది. కలం జారింది.

అతను కూడా ఒరిగిపోవడం చూసి మావిస్ కెవ్వుమంది. ఈ గొట్టంలోంచే ఏదో విషవాయువు వస్తోందని ముక్కుకు స్కార్ఫ్ అడ్డం పెట్టుకుని, దూకి ప్లగ్గు పీకేసింది.

"ఎవరాపింది?" అన్నారు నలుగురూ ఒక్కసారే.

గడియారంలో నాలుగూ ఇరవై. ఆర్విడ్ లెక్క చూసుకున్నాడు. వెలిగింది వంద, గొట్టంలో వంద, మసితో మూడొందలు. పడవ మునిగింది.

హార్లన్ ఒళ్లు విరుచుకున్నాడు. ఆర్నెల్ల తర్వాత అతని ముఖం కడిగిన పళ్లెంలా ఉంది. "నీ తూటాలు నువ్వే ఉంచుకో. ఆ గొట్టం ఇచ్చి పడవ తీసుకెళ్లు."

"ఇచ్చెయ్ ఆర్విడ్, నీకు పుణ్యముంటుంది," అంది మావిస్. "రాత్రంతా ఈయన నడక వినలేక చస్తున్నా."

ఆర్విడ్ గడ్డం గోక్కున్నాడు. బేరం నచ్చినప్పుడు కాసేపు నచ్చనట్టు కనబడటం కొట్లో నేర్చిన విద్య. ఇనెజ్ ఏదో అనబోయేలోపే చెయ్యి కలిపేశాడు.

ఆదివారం సరస్సు మీద పొగమంచు సరిగ్గా కలలో లాగే ఉంది. ఇనెజ్ దిండు, దుప్పటి తెచ్చుకుని పడవలో పడుకుంది. ఆర్విడ్ నాలుగుసార్లు తెడ్లు వేసేసరికి నిద్రపోయింది. ఆర్విడ్ సంతోషంగా తెడ్లు లోపల పెట్టి గాలం తీశాడు.

"ఎవరాపింది?"

చివరికి లెక్క ఇలా తేలింది: పడవ వచ్చింది, ఐదు వందల తూటాలూ మిగిలాయి, పోయింది మోటారుతో సహా ఆ గొట్టం ఒక్కటే, దాని ఉద్యోగం ఆర్విడ్‌కు దొరికింది.