ఒక కంతి, ఇద్దరు రోగులు

మనిషికి ఎన్ని రోగాలైనా రావచ్చు గాని, సర్కారు ఆసుపత్రిలో చేరేటప్పుడు మాత్రం ఒక్కటే ఉండాలి. ఆమదాలవలస బెల్లం వ్యాపారి జగన్నాధం ఈ సంగతి తెలియక, 1968లో, రెండు జాతులు కలిసిన కంతిని కడుపులో పెట్టుకుని వెళ్లాడు.

కడుపు కాస్త కోసి తీసిన ముక్కను పరీక్షిస్తే ఒక పక్క రాచపుండు అనే కేన్సరు, ఇంకో పక్క కార్సినాయిడ్ అనే నిదానపు జాతి కంతి అని తేలింది. (ఇది చాలా అరుదని డాక్టర్లు ముచ్చటపడ్డారు. అరుదైన సరుకుకు గిరాకీ ఉంటుందని జగన్నాధం ధైర్యం తెచ్చుకున్నాడు.) రాచపుండుకు ఒక వార్డు, తక్కిన కంతులకు ఇంకొకటి. ఆ వార్డు వారు ఈ జాతిని చేర్చుకోరు, ఈ వార్డు వారు ఆ జాతిని గుమ్మం దాటనివ్వరు. జగన్నాధం వరండాలో పడుకున్నాడు. కంతి మాత్రం ఎవరి అనుమతీ అడగకుండా పెరుగుతోంది. గంజి కూడా దిగడం మానేసింది.

"రోగానికొక రోగి ఉండాలండి. మీకు ఒక మనిషి తక్కువయ్యాడు," అన్నాడు వార్డు గుమాస్తా నారాయణమూర్తి.

లోటు ఎక్కడుందో తెలిశాక పూడ్చడం వ్యాపారికి ఎంతసేపు? జగన్నాధం పక్కనే కూర్చున్న బావమరిది గంగరాజు వైపు చూశాడు.

"ఏటి బావా, అలా సూస్తన్నావు?"

"ఆ రెండోది నువ్వు తీసుకోరా."

"నాకేటి రోగం నేదు కదా."

"అందుకే. నీ కాడ జాగా ఉన్నాది."

"తీసుకోరా తమ్ముడా," అంది జగన్నాధం భార్య తవిటమ్మ. "మంచం, రొట్టి, పాలు ఇస్తారట. మీ ఇంట్లో ఎవులిస్తన్నారు?"

గుమాస్తా కార్సినాయిడ్‌ను గంగరాజు పేర రాసుకోగా, సాయంత్రానికి బావ ఒక వార్డులో, బావమరిది ఇంకో వార్డులో చేరారు. సర్జను గారు జగన్నాధం కడుపు కోసి, సగం కడుపుతో సహా కంతిని తీసేశారు. (అందులో గంగరాజు వాటా ఎంతో బల్ల మీద ఎవరూ విడదీయలేదు.) జగన్నాధం బతికాడు. గంగరాజు రొట్టె, పాలతో తన వంతు కోసం ఎదురుచూశాడు. వంతు వచ్చాక కొత్తగా ఎక్స్‌రే తీస్తే కంతి ఆనవాలే లేదు.

సూపరింటెండెంటు గారు రెండు కేసులూ పక్కపక్కన పెట్టి నిశితంగా పరిశీలించారు. కోసిన రోగి చిక్కి సగమయ్యాడు. కోయకుండా ఎదురుచూసిన రోగికి కంతి పూర్తిగా కరిగి, ఒళ్లు కూడా చేసింది.

నాటి నుంచి అక్కడ కడుపులో కంతితో ఎవరు వచ్చినా, ముందుగా ఎదురుచూపుల చికిత్సే చేస్తున్నారు.