రాహేలమ్మగారి నీళ్ల భయం

లోకంలో ఉన్న వైద్యాలన్నిటి మీదా సాలమోను మాస్టారికి గౌరవమే. వాళ్లావిడ తన భయానికి వైద్యం చేయించుకుంటానన్న రోజున మాత్రం ఆ గౌరవం కాస్త సడలింది.

"శనివారం మనం అమలాపురం వెళ్తున్నామండీ," అంది రాహేలు, ప్లేట్లో ఇంకో ఇడ్లీ వేస్తూ. "అక్కడ ఉమాదేవిగారని డాక్టరుగారున్నారు. హిప్నాటిజంతో భయాలు పోగొడతారంట. నా నీళ్ల భయం వదిలించుకుందామని."

మాస్టారి చేతిలో ఇడ్లీ ముక్క జారి సాంబారులో మునిగింది. ఆయన దాన్ని పైకి తీసే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"ఇప్పుడెందుకే అంత అవసరం?"

"షైనీకి నెలలు నిండేయి కదా. కబురొస్తే నేను గంటలో అక్కడుండాలి."

కూతురు షైనీ నరసాపురంలో నర్సు. రెండో కాన్పు. ఉద్యోగం చేసే ఆసుపత్రిలోనే పురుడు పోసుకుంటానంది. మాస్టారు ఉండేది మలికిపురంలో. సఖినేటిపల్లి రేవుకి వెళ్లి పంటు ఎక్కితే, మనుషులూ మోటారు సైకిళ్లూ మేకలూ ఒక్క బల్ల మీద నిలబడి గోదావరి దాటేస్తారు. దిగితే నరసాపురమే. మాస్టారి కుటుంబం మాత్రం రాజోలు వెళ్లి, వంతెన మీదుగా పాలకొల్లు చేరి, అక్కడ బస్సు మారి, రెండు గంటలు పైగా తిరిగి నరసాపురం వెళ్తుంది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే దారి.

"ఏం చేస్తామండీ, మా ఆవిడకి నీళ్లంటే ప్రాణభయం," అని మాస్టారు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవారు. చెప్పాక సన్నగా నిట్టూర్చేవారు. ఆ నిట్టూర్పు ఎంత బాగుండేదంటే, భార్యని ఎలా చూసుకోవాలో చెప్పడానికి పాస్టరుగారు రెండు పెళ్లిళ్లలో ఆయన్నే ఉదాహరణగా చూపించారు.

నిజానికి ఆ భయం మాస్టారిది.

ఆయన హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతారు. అంత బరువైన ఇనప ఓడ నీళ్ల మీద ఎందుకు తేలుతుందో ముప్పై ఏళ్లుగా బోర్డు మీద నిరూపిస్తున్నారు. ఆ నిరూపణ మీద కాలు పెట్టి నిలబడే ధైర్యం మాత్రం ఒక్కరోజూ చాలలేదు. పెళ్లయిన మూడో రోజు రేవులో పంటు ముందు నిలబడి, ఏ సాకు చెప్పి తిరిగిపోవాలా అని దేవుణ్ణి అడుగుతూ ఉంటే, కొత్త పెళ్లికూతురు చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. "నాకు భయంగా ఉందండీ, బస్సులో పోదాం." దేవుడు ఇంత త్వరగా ప్రార్థన ఆలకిస్తాడని మాస్టారు అనుకోలేదు.

ఇప్పుడు ఆవిడ భయం కాస్తా పోతే, వెనక మిగిలేది తన భయం ఒక్కటే.

సాయంత్రానికల్లా పక్కింటి కొండబాబుని కాఫీకి పిలిచారు. కొబ్బరికాయల వ్యాపారి. ఇంట్లో గుసగుసలాడితే మూడో వీధిలో వినపడుతుంది కాబట్టి ఊళ్లో అందరూ మైకు కొండబాబు అంటారు. ఏం చెప్పాలో మాస్టారు ముందే నేర్పారు.

"ఎందుకండి చెల్లెమ్మగారూ ఈ గొడవ!" అన్నాడు కొండబాబు, అటకమీది పిల్లి కిందకి దూకేలా. "మా తోడల్లుడు కళ్లారా చూసేడండి. స్టేజీ మీద ఒకాయన్ని నిద్రపుచ్చి, నువ్వు కోడివి అన్నారంట. అంతేనండి, కూసేడు! ఇంటికెళ్లినా మానలేదు. ఇప్పటికీ ఆ వీధిలో ఎవరూ అలారం పెట్టుకోరండి."

"ఆయ్," అంది రాహేలు. "పుంజాండీ, పెట్టా?"

"పుంజేనండి."

"నయం. పెట్టయితే వాళ్లావిడ రోజూ గుడ్లు ఏరుకోవాల్సొచ్చేది."

కొండబాబు కాఫీ మీద దృష్టి పెట్టాడు. మాస్టారు తానే రంగంలోకి దిగారు.

"అది కాదు రాహేలూ, ఆ నిద్రలోంచి మెలకువ రాకపోతే?"

"మీ కాఫీ ఎవరు పెడతారనా?"

"మనసులో ఉన్నవన్నీ కక్కేస్తావంట. ఇంటి గుట్టు వీధిన పడదూ?"

"నా మనసులో ఉన్నవన్నీ రోజూ చెప్తూనే ఉన్నాను కదండీ. మీరు పేపరు దించితే వినపడేవి."

"మనవాళ్లు ఇలాంటివి చేయించుకోవచ్చో లేదో, పాస్టరుగారిని..."

"అడిగేను. ఫోన్ నంబరు ఇచ్చింది ఆయనే."

శనివారం స్కూటరు మీద అమలాపురం వెళ్లారు. పెద్ద పెద్ద కళ్లూ, గొలుసుకి వేలాడే గడియారమూ ఉంటాయని మాస్టారు ఊహించారు. ఉమాదేవిగారికి యాభై ఏళ్లుంటాయి. కళ్లజోడుంది. బల్ల మీద టిఫిను క్యారియరుంది. గడియారం గోడకుంది, అదీ పది నిమిషాలు వెనక.

"ముందు హిప్నాసిస్ అంటే ఏమిటో, ఏది కాదో చెప్తానండి," అంది డాక్టరు. "చాలామందికి అనవసరమైన అనుమానాలుంటాయి. ఇద్దరూ వినండి. మాస్టారూ, మీరూ ఇటు చూడండి."

మాస్టారు చప్పున గోడ గడియారం వైపు చూశారు. ఆ కళ్లలోకి చూస్తే పొరపాటున తనకీ అంటుకుంటుందేమో! మనసులో ఉన్న ఇరవై తొమ్మిదేళ్ల సరుకంతా ఇక్కడే గుమ్మరిస్తే?

"స్కూటరు సరిగ్గా పెట్టేనో లేదో చూసొస్తానండి," అని బయటపడ్డారు. స్కూటరు సరిగ్గానే ఉంది. రెండు టీలు తాగి, పాత వారపత్రిక ఒకటి చదివి, అరగంట తర్వాత తలుపు సందులోంచి తొంగిచూశారు.

వాలు కుర్చీలో రాహేలు కళ్లు మూసుకుని ఉంది. డాక్టరు నెమ్మదిగా ఊపిరి గురించీ భుజాల గురించీ ఏదో చెబుతోంది. ఇందులో మంత్రం ఏముందో, ఎక్కడ మొదలైందో చూద్దామని మాస్టారు కళ్లు చిట్లించారు. ఏమీ కనపడలేదు. రాహేలు నుదుటి మీద ఎప్పుడూ ఉండే ముడత మాత్రం లేదు. ఆ ముడత లేని ముఖం చూసి ఎన్నేళ్లయిందో లెక్క తెలియక, ఆయన కాసేపు అలాగే నిలబడిపోయారు.

వెళ్లేటప్పుడు డాక్టరు చెప్పింది. "రోజూ ఇరవై నిమిషాలు ఇంట్లో ఇలాగే కూర్చోండి. పక్కన ఒకరు మెల్లగా మాట్లాడితే ఇంకా మంచిది."

ఆ చివరి మాట మాస్టారి చెవిలో తేనెలా పడింది.

మర్నాడు ఆరాధన నుంచి వచ్చి, భోజనాలయ్యాక, రాహేలు పడక కుర్చీలో వాలి కళ్లు మూసుకుంది. "ఇక మాట్లాడండి," అంది.

నిద్రపోయిందని రూఢి చేసుకోవడానికి మాస్టారు ఆమె ముఖం ముందు చెయ్యి ఊపారు. నాలుక బయటపెట్టి వెక్కిరించారు. కదలిక లేదు. అప్పుడు చెవి దగ్గరకి వంగారు.

"రాహేలూ... నీకు నీళ్లంటే భయం... నీళ్లు చూస్తే వణుకు రావాలి... భయం పెరుగుతోంది... పెరుగుతోంది..."

పావుగంట తర్వాత ఆమె లేచి, అంట్లు తోమడానికి పెరట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి కెవ్వుమంది.

"ఏవండీ! నీళ్లు!"

"నీళ్లేగా?"

"ఏమోనండీ, చూస్తేనే వణుకొస్తోంది. చూడండి నా చేతులు!"

నిజంగానే వణుకుతున్నాయి. మాస్టారు అంట్లు తోమారు. సాయంత్రం బియ్యం కడిగారు. మొక్కలకి నీళ్లు పోశారు. సోమవారం బట్టలు ఉతికి, ఆలస్యంగా స్కూలుకి వెళ్లి, ద్రవపీడనం పాఠం మధ్యలో ఆవలించారు.

ఆ సాయంత్రం ఆమె మళ్లీ కుర్చీలో వాలాక, చెవిలో పోసే మందు సవరించారు. "రాహేలూ... కుళాయి నీళ్లు మంచివి... అంట్ల నీళ్లు ఇంకా మంచివి... గోదావరి నీళ్లంటేనే భయం... గోదావరి ఒక్కటే..."

మంగళవారం పొద్దున్న ఆమె కుళాయి దగ్గరకి ధైర్యంగా వెళ్లింది. చెయ్యి చాపింది. ఆగింది.

"ఏవండీ, మన కుళాయికి నీళ్లెక్కణ్ణుంచి వస్తాయి?"

"ట్యాంకులోంచి."

"ట్యాంకులోకి?"

"కాలవలోంచి."

"కాలవలోకి?"

మాస్టారు చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు.

బుధవారం గోడ మీంచి కొండబాబు చూశాడు. "మాస్టారూ, చీరలు పిండేటప్పుడు అటు మెలి కాదండి, ఇటు!" అన్నాడు. మెల్లగానే అన్నాడు. ఊరంతటికీ తెలిసింది.

ఆ రోజు కుర్చీ పక్కన స్టూలు వేసుకుని మాస్టారు తన చేతులు చూసుకున్నారు. సబ్బుకి వేళ్ల చర్మం ఊడింది. ఇలాంటి వేళ్లతో ఆమె ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చిందో అనిపించింది. ఇంతలో ఇంకో సంగతి తట్టింది. నొప్పులొచ్చి షైనీ అమ్మా అని పిలిస్తే, ఈవిడ తన గుసగుసల వల్ల ఇక్కడే ఆగిపోతే?

"రాహేలూ," అన్నారు. "నేను చెప్పినవన్నీ మర్చిపో. నీకు ఏ నీళ్లంటేనూ భయం లేదు. పంటు ఎక్కు, పిల్ల దగ్గరకి వెళ్లు." స్టూలు ఇంకాస్త దగ్గరకి జరుపుకున్నారు. "భయం నాదే. మొదట్నుంచీ నాదే. నీ పేరు చెప్పుకుని బతికేసేను. నిద్రలో ఉన్నావు కాబట్టి చెప్పగలుగుతున్నాను."

రాహేలు పెదవి చివర చిన్నగా కదిలింది. కల వస్తోందనుకున్నారు.

గురువారం పొద్దున్న ఏడింటికి ఫోను. "అమ్మా, నొప్పులు మొదలయ్యేయి. రా." షైనీ గొంతులో నర్సు లేదు, కూతురే ఉంది.

సఖినేటిపల్లి రేవులో పంటు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. రాహేలు సంచి పట్టుకుని, రోజూ ఎక్కేదానిలా గబగబా ఎక్కేసి వెనక్కి తిరిగింది. మాస్టారు గట్టు మీద పాతిన గుంజలా నిలబడ్డారు.

"నువ్వెళ్లు. నేను బస్సులో వస్తాను."

రాహేలు దిగి వచ్చింది. వెనక మోటారు సైకిలు వాళ్లు హారన్లు కొడుతున్నారు. ఆయన చెయ్యి పట్టుకుంది.

"అవతలి ఒడ్డున ఒక్క కొబ్బరిచెట్టు ఎంచుకోండి. ఎంచుకున్నారా? దాన్నే చూడండి. ఊపిరి నెమ్మదిగా వదలండి. భుజాలు దించండి. వద్దనుకుంటే ఏ క్షణమైనా ఆగిపోవచ్చు, మీ ఇష్టం. ఇప్పుడు ఒక్క అడుగు."

కాస్త వంగిన చెట్టొకటి. మాస్టారు దాన్నే చూశారు. ఆమె గొంతు తప్ప మిగిలిన రేవంతా ఎక్కడికో దూరంగా జరిగింది. కాళ్ల కింద ఇంజను శబ్దం వినిపించాకగాని తెలియలేదు, తాను ఎక్కేశానని. చిత్రం ఏమిటంటే హారన్లు వినపడుతున్నాయి, చేపల వాసన తెలుస్తోంది, పక్కన మేక రాహేలు సంచి నములుతున్న సంగతీ తెలుస్తోంది.

"ఇదేనా హిప్నాటిజం? నాకన్నీ తెలుస్తున్నాయే!"

"తెలుస్తాయండి. నిద్ర కాదు కదా. డాక్టరుగారు చెప్పేరు. అన్నీ వినపడతాయంట. ఇష్టం లేని మాట ఎవరూ చెప్పించలేరు, ఇష్టం లేని పని చేయించలేరు. లేవాలనుకుంటే లేచిపోవచ్చు. మీరు టీలు తాగుతున్నప్పుడు చెప్పేరు."

మాస్టారి చూపు చెట్టు మీంచి జారింది.

"అన్నీ వినపడతాయా?"

"అన్నీనండి."

"కుళాయి?"

"ఆయ్."

"మరి ఆ వణుకు?"

"అదొక్కటే కష్టమైందండి. నవ్వు ఆపుకుంటూ వణకడం."

సంచిలోంచి ఒక చీటీ తీసి ఇచ్చింది. అమలాపురం డాక్టరు చీటీ. పేరు: సాలమోను. వయసు: యాభై ఎనిమిది. ఇబ్బంది: నీళ్ల భయం.

"మిమ్మల్నే చూపిద్దామని తీసుకెళ్లేను. మీరు పారిపోయేరు. పోనీ నేనైనా నేర్చుకుని మీకు చెప్దామని ఆ కుర్చీలో కూర్చున్నాను."

"అయితే ఆ రోజు, పెళ్లయిన కొత్తలో, ఈ రేవులో..."

"మీ చెయ్యి ఐసుముక్కలా ఉందండి. గట్టు మీద మా అన్నదమ్ములు నలుగురూ చూస్తున్నారు. కొత్త పెళ్లికొడుకు. ఎవరో ఒకరు భయపడాలి కదా అని నేను పడ్డాను."

"నీకసలు భయం లేదా?"

"గన్నవరం పిల్లనండి. పదేళ్లకే కాలవ ఈదేదాన్ని."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదండీ."

మాస్టారు మళ్లీ చెట్టు వైపు చూద్దామనుకున్నారు. కళ్లలో నీళ్లు అడ్డొచ్చాయి. ఆ నీళ్లకి ఆయన భయపడలేదు.

వాళ్లు ఆసుపత్రి మెట్లెక్కిన గంటకి మనవరాలు పుట్టింది. అల్లుడు రాజ్‌కుమార్ ఆ హడావిడి తగ్గాక ఆశ్చర్యంగా చూశాడు. "పొద్దున్న అంత త్వరగా ఎలా వచ్చేరండి? పంటు మీదా? అయితే అత్తయ్యగారికి భయం పోయిందన్నమాట!"

మాస్టారి నోట్లో పాత నిట్టూర్పు సిద్ధంగానే ఉంది. పక్కకి చూశారు. పసిబిడ్డని పొత్తిళ్లలో పట్టుకుని రాహేలు అప్పుడే తల దించుకుంటోంది, ఇంకోసారి ఆయన తరఫున భయపడడానికి.

"పోయింది అత్తయ్యగారిది కాదు బాబూ, నాది," అన్నారు మాస్టారు. "అదీ రావడానికి మాత్రమే పోయింది. పాలకొల్లు బస్సు ఎన్నింటికో కాస్త కనుక్కో."