మంత్రిగారి సొంత మాటలు రెండు

మంత్రి నంజుండప్ప గారు తమ ప్రెస్ సెక్రటరీ, ముఖ్య సలహాదారు, దివంగత రామాంజినేయులు గారికి పెనుకొండ, ధర్మవరం, హిందూపురం మూడు ఊళ్ళలోనూ ఒకే రోజు సంస్మరణ సభలు జరిపి దేశానికి ఆదర్శంగా నిలవబోతున్నారని ప్రకటన వెలువడింది. పోయిన మనిషి ఒక్కరే అయినా మున్సిపల్ ఎన్నికలు మూడు ఊళ్ళకూ ఉన్నాయి కనుక ఇది న్యాయమే.

నేను హిందూపురంలో ఇరవై రెండేళ్ళుగా విలేకరిని. ఇన్నేళ్ళలో మంత్రిగారి పేరుతో అచ్చయిన ప్రతి మాటా రామాంజినేయులు గారు రాసిందే. కరువొస్తే మంత్రిగారి ఆవేదన, వానొస్తే మంత్రిగారి హర్షం, రెండూ ఆయన బల్లమీదే తయారయ్యేవి. మంత్రిగారికి నోరు దేవుడిచ్చాడు, మాట రామాంజినేయులు గారిచ్చారు. పని ఇలా పంచుకున్నచోట పరిపాలన సాఫీగా సాగుతుంది.

సభలకు ముందురోజు మంత్రిగారు పరామర్శకు వెళ్తే నేనూ వెనకే వెళ్ళాను. రామాంజినేయులు గారి భార్య జయలక్ష్మమ్మ గారు ఏడవలేదు.

"సార్, ఒకటే అడుగుతా," అన్నారు.

"అడుగక్కా. ఇల్లా, స్థలమా, పెన్షనా?"

"అవేమీ వద్దు సార్. ఇరవై రెండేండ్లు మీ మాటలన్నీ ఆయనే రాసిచ్చినాడు. రేపు హిందూపురం సభలో ఆయన గురించి కాగితం చూడకుండా రెండు మాటలు చెప్పండి. మీ సొంత మాటలు. నాకు అది చాలు."

మంత్రిగారి ముఖం పాలిపోయింది. ఇల్లడిగి ఉంటే అక్కడికక్కడే మంజూరయ్యేది.

"అట్లే అక్కా," అన్నారు. కారు ఎక్కగానే కొత్త ప్రెస్ సెక్రటరీ ఉమాశంకర్ వైపు తిరిగి, "సొంత మాటలు రెండు రాసియ్యప్పా," అన్నారు.

ఉమాశంకర్ చదువుకున్నవాడు. కష్టపడకుండా రామాంజినేయులు గారి కంప్యూటర్ తెరిచాడు. అందులో 'సంతాపాలు' అని ఒక ఫోల్డర్ ఉంది. రైతు నాయకుడికొకటి, నేత కార్మికుడికొకటి, స్వామీజీకొకటి, ప్రతిపక్షం వాళ్ళకొకటి. చివరిది కాస్త పొట్టిది. అన్నింటిలోనూ పేరు దగ్గర మాత్రం ఖాళీ.

"సార్, ప్రెస్ సెక్రటరీ సంతాపం లేదు. అందరికీ రాసిపెట్టినాడు, తనకు రాసుకోలేదు."

"ఇంత బాధ్యత లేకుండా ఎట్లా పోయినాడప్పా," అన్నారు మంత్రిగారు. ఆ గొంతులో బాధ నిజమైనదే.

పొద్దున పెనుకొండలో రైతు సంతాపం చదివారు. నాగలి పట్టిన ఆ చేతులు ఇక లేవన్నారు. వేరుశనగకు గిట్టుబాటు ధర కోసం చివరి శ్వాసదాకా పోరాడాడన్నారు. రామాంజినేయులు గారికి మేడమీద రెండు గులాబీ కుండీలు తప్ప సేద్యం లేదు. అయినా చప్పట్లు బాగా పడ్డాయి.

మధ్యాహ్నం ధర్మవరంలో నేత కార్మికుడి సంతాపం. ఆయన నేసిన ప్రతి పట్టుచీరా ఈ ఊరి కీర్తిపతాకమని మంత్రిగారు సెలవిచ్చారు. నా పక్కన హనుమప్ప అనే పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"ఏమబ్బా, ఆయప్ప మగ్గం యాడ ఉండేది?" అని నన్నడిగాడు.

"ఉండేదేమోలే పెద్దాయనా."

"యాభై ఏండ్లుగా ఈడే నేస్తాండా. నాకు తెల్లేదే."

"గమ్మునుండప్పా," అన్నాడు వెనకాయన. "సచ్చిపోయినోడి మగ్గం గురించి ఇప్పుడు తగువెందుకు?"

హనుమప్పకు సబబుగానే తోచినట్టుంది. చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు.

సాయంత్రం హిందూపురం. మొదటి వరుసలో జయలక్ష్మమ్మ గారు. ఉమాశంకర్ స్వామీజీ సంతాపం అందించాడు. మంత్రిగారు కాగితం చూశారు, ఆమెను చూశారు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. రాజకీయాల్లో ఇంత సాహసం నేను చూడలేదు.

"రామాంజినేయులు..." అన్నారు మైకులో.

అంతే. నోరు తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు. అర నిమిషం గడిచింది. మంత్రిగారు మౌనం పాటిస్తున్నారనుకుని వెనక ఎవరో లేచి నిలబడ్డారు. వాళ్ళను చూసి హాలంతా లేచింది. రెండు నిమిషాలయ్యాక అందరూ కూర్చున్నారు, మంత్రిగారూ కూర్చున్నారు. ఇంత గొప్ప ప్రసంగం వినలేదని కొందరు కళ్ళు తుడుచుకున్నారు. జయలక్ష్మమ్మ గారు మాత్రం ఇంకా నిలబడే ఉన్నారు, మాట వస్తుందేమోనని. నాకు ఆవైపు చూడబుద్ధి కాలేదు.

సభ అవగానే డెస్కు నుంచి ఫోన్.

"మంత్రి ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"నలభై లైన్లు వదిలిపెట్టినాము. ఏదో ఒకటి పంపు."

రామాంజినేయులు గారి ప్రెస్ నోట్లు అక్షరం మార్చకుండా అచ్చుకిచ్చిన చెయ్యి నాది. ఆయన బాణీ ఎప్పుడో ఒంటబట్టింది. 'నా గొంతు పోయింది, ఇక మిగిలింది నోరు మాత్రమే అంటూ మంత్రి కన్నీటిపర్యంతం' అని మొదలుపెడితే నలభై లైన్లు వాటంతటవే వచ్చాయి.

మర్నాడు పొద్దున గెస్ట్‌హౌస్‌లో మంత్రిగారు ఆ వార్తను కార్యకర్తలకు పైకి చదివి వినిపిస్తున్నారు. చదువుతూ నిజంగానే ఏడ్చారు. అప్పుడే జయలక్ష్మమ్మ గారు అదే పేపరు పట్టుకుని లోపలికొచ్చారు.

"సార్, నిన్న నాకు వినపడలేదేమో. ఇవి మీరు చెప్పిన మాటలేనా?"

"నా మనసులో ఉండేది ఇదే అక్కా. ఒక్క ముక్క అటూ ఇటూ లేదు." మంత్రిగారు కళ్ళు తుడుచుకుని పేపరు మడిచారు. ఆ ఆనందంలోనే ఉమాశంకర్ వైపు తిరిగారు. "నా మనసు ఇంత బాగా ఎవురికి తెలుస్తుందప్పా? రామాంజినేయులు ఒక్కడికే. ఫోన్ చేసి ఒకసారి రమ్మను."

ఉద్యోగం కొత్తది కనుక ఉమాశంకర్ వెంటనే నంబరు నొక్కాడు. జయలక్ష్మమ్మ గారి చేతిసంచిలో ఫోను మోగింది.