తవుడు, ఊక, ఒక కెమెరా

దొంగపనికి చీకటి కావాలన్నవాడు ఉత్త అమాయకుడు! చీకట్లో ఏముంటుంది, బస్తా తట్టుకుని బోర్లా పడటం తప్ప? నన్నడిగితే పారదర్శకత అంత సుఖం ఇంకోటి లేదు.

నేను దాణా ఫ్యాక్టరీకీ, ఊళ్ళో పశువులున్నవాళ్ళకీ తవుడు సరఫరా చేస్తాను. అందులో కాస్త ఊక కలుపుతాను. ఉప్పు లేని కూర ఉంటుందా, మీరే చెప్పండి?

కిందటేడు దాణా ఫ్యాక్టరీ వాళ్ళు నా గోడౌన్లో కెమెరా పెట్టాలన్నారు. బస్తా బస్తాకీ ఒక క్యూఆర్ కోడ్ అట, ఫోన్‌తో దాన్ని స్కాన్ చేస్తే నా గోడౌన్ లైవ్‌లో కనిపిస్తుందట! కొంప మునిగిందని రెండు పూటలు అన్నం మానేశాను. మా ఆవిడ అది అలక అనుకుని వండటమే మానేసింది. దాంతో నాకు మళ్ళీ ఆకలేసింది.

కెమెరా వచ్చింది. మొదట్లో దాని కింద బుద్ధిగా స్వచ్ఛమైన తవుడే నింపాను. మెచ్చుకున్న నాథుడు లేడు. ఉండబట్టలేక ఫ్యాక్టరీ మేనేజరునే అడిగాను, మీరు చూస్తున్నారా అని.

"కెమెరా ఉందిగా, ఇంక మేం చూడటం ఎందుకండీ?" అన్నాడాయన.

ఎంత గొప్ప మాట! ఆ రోజు నుంచి పట్టపగలు, లైట్లు వేసి మరీ కలుపుతున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని! ఎందుకంటే 'చూస్తున్నవారు: ఒకరు' అని ఆ కెమెరా యాప్‌లో రోజూ కనిపించేది. ఎవరో అభిమాని అనుకుని అప్పుడప్పుడు చెయ్యి కూడా ఊపేవాణ్ణి.

ఆ అభిమాని మా చెల్లెలు.

దానికి రెండు ఆవులున్నాయి. మా ఇంటికి, ముఖ్యంగా నా చిన్నారి మనవరాలికి, పాలు అక్కణ్ణుంచే వస్తాయి. నేనేం రాక్షసుణ్ణా? చెల్లెలి బస్తా మాత్రం ఎప్పుడూ వేరే కుప్పలోంచి, ఊక పొల్లు తగలకుండా నింపేవాణ్ణి. పాడు కెమెరా ఆ వేరే కుప్పనీ చూపించింది.

మొన్న ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది.

"అన్నయ్యా, మా పక్కింటావిడ ఆవు ఈనింది. పాలు సరిగ్గా పడట్లేదు. తన చేతివాసే మంచిది కాదని ఆవిడ ఏడుస్తోంది. నేనేం చెప్పను?"

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"ఏం చెప్పలేక పాలు మార్చుకుంటున్నాం. రేపట్నించి నా ఆవు పాలు వాళ్ళ పిల్లలకి, వాళ్ళ ఆవు పాలు మీ ఇంటికి. నువ్వేం కంగారుపడకు, అది తినేది నీ తవుడే."

మర్నాడు మనవరాలు ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కకు నెట్టేసింది. ఆ పిల్లకు ల్యాబ్ లేదు, యాప్ లేదు, మొహమాటం అసలే లేదు.

అయ్యా, ఇది అన్యాయం కాదా? పసిపిల్ల తాగే పాలు! ఆ ఆవు ఏం తింటోందో, దాని మేతలో ఎవడు ఏం కలుపుతున్నాడో తాగేవాళ్ళకు తెలియొద్దా? ఆ పక్కింటి కొట్టంలో వెంటనే కెమెరా పెట్టించమని ఫ్యాక్టరీకి అర్జీ పెట్టాను. కెమెరా ఒక్కటే చాలదని, దాన్ని చూడటానికి ఒక మనిషిని కూడా పెట్టమని రాశాను.