ఊపిరి పీల్చే బ్రష్షు

నలభై మూడేళ్ళ వయసులో పళ్ళకు తీగలు కట్టించుకున్న మనిషి మీద ఎవరికీ జాలి కలగదు. ఆయన పనిచేసే కరెంటాఫీసులో కలగలేదు, ఇంట్లో అసలే కలగలేదు.

ఆఫీసులో ఆయన్ని స్విచ్చుల సారు అంటారు. ఎవరు గదిలోంచి లేచినా వెనకే వెళ్ళి లైటూ ఫ్యానూ ఆర్పుతాడు. ఇంట్లోనూ అంతే. చదువుతున్న పుస్తకం పక్కనపెట్టి భార్య కళ్ళద్దాలు తుడుచుకునేలోపు గది చీకటైపోతుంది.

తీగలు కట్టిన నెలకే చిగుళ్ళు వాచాయి. "సందుల్లో శుభ్రంగా లేదు. వాపు తగ్గందే తీగ బిగించను, ఇంకో నెల ఎక్కువ మోయాల్సొస్తుంది" అంది పళ్ళ డాక్టరమ్మ.

సారు తిరిగొస్తూ కరెంటు బ్రష్షు కొనుక్కొచ్చాడు.

"ఉన్న బ్రష్షుకేమొచ్చింది?" అంది భార్య.

"చేత్తో తోమితే తీగల వెనక్కి పోదోయ్. ఇది నిమిషానికి వేలసార్లు కదులుతుంది."

"మీరు నిమిషం నిలబడితే కదండీ! పళ్ళూ ముఖమూ కలిపి మీకు నలభై సెకన్లు."

మాటా మాటా పెరిగి పందెందాకా వెళ్ళింది. ఎడమవైపు కరెంటు బ్రష్షు, కుడివైపు మామూలుది. వారం తర్వాత డాక్టరమ్మే తీర్పు చెప్పాలి. ఓడినవాళ్ళు నెలరోజులు పొద్దున్నే లేచి కాఫీ పెట్టాలి.

"మోసం చేయకూడదు" అంది భార్య.

"నేనా?" అని సారు నొచ్చుకున్నాడు. ఆ పూట నుంచే కుడివైపు పళ్ళను చుట్టపుచూపుగా పలకరించి వదిలేయసాగాడు.

నాలుగోరోజు పొద్దున బ్రష్షు జుయ్ మంది, జు అంది, ఆగిపోయింది. విదిలించాడు, కొట్టాడు, బతిమాలాడు. రోజూ చార్జరు మీదే నిలబెడుతున్నాడే!

తలుపవతల భార్య బట్టలు మడతపెడుతోంది. "ఏవండీ, చప్పుడాగిందేం?"

ఒప్పుకుంటే బ్రష్షు పరువూ, తన పరువూ, పొద్దుటి నిద్రా మూడూ పోతాయి. సారు నురగ నిండిన నోటితోనే "జుయ్‌య్‌య్..." అన్నాడు.

మిగిలిన రోజులన్నీ అదే కచేరీ. ఆగిపోయిన బ్రష్షుతో చేత్తో తోముతూ నోటితో జుయ్యిమనడం. అసలు బ్రష్షు రెండు నిమిషాలకు గాని ఆగదు కనక, గడియారం చూస్తూ తనూ ఆగలేదు. చప్పుడు చేస్తున్నంతసేపూ చెయ్యి ఆపడం బాగుండదు గదా!

వారం తిరిగింది. ఇద్దరూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. డాక్టరమ్మ పళ్ళకు రంగుమందు పూసి పుక్కిలించమంది. మురికి ఉన్నచోట గులాబీరంగు నిలిచిపోతుందట. కుడివైపంతా గులాబీతోటే. ఎడమవైపు తళతళ.

"ఎడమవైపు ఏ బ్రష్షండీ?"

"కరెంటుదండీ!" సారు గొంతు ఖంగుమంది.

"డాక్టరుగారూ, అది చచ్చి నాలుగు రోజులైంది" అంది భార్య మెల్లగా. "రోజూ ఆఫీసుకు వెళ్తూ చార్జరు స్విచ్చి ఈయనే ఆర్పేస్తారు."

సారు నోరు తెరుచుకునే ఉంది కాబట్టి కొత్తగా తెరవాల్సిన పని పడలేదు. ఆ స్విచ్చి ఎప్పుడు ఆర్పాడో ఆయన చేతికే తెలుసు.

"చూసి వెయ్యకపోయావా?"

"పందెం కదండీ, నేనెందుకు వేస్తాను?"

"బ్రష్షు ఆగిందని ఎలా తెలిసింది నీకు?"

"కరెంటు బ్రష్షు మధ్యమధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవడం నేనెక్కడా వినలేదు. మొన్న దగ్గింది కూడా."

డాక్టరమ్మ నవ్వాపుకుని అద్దం కింద పెట్టింది. "అయితే రెండువైపులా చేత్తోనే తోమారన్నమాట. ఏ బ్రష్షయినా పరవాలేదండీ. తీగ పైనా కిందా ఒక్కో పన్ను చుట్టూ మెల్లగా, పూర్తిగా రెండు నిమిషాలు తోమాలి. ఎడమవైపు అదే చేశారు. మరి కుడివైపు ఏం పాపం చేసింది?"

సారు పైన దీపం వంక చూశాడు. దాన్నయినా ఆర్పేస్తే బాగుండుననిపించింది.

"కుడి చిగురు వాపు తగ్గలేదు. తీగ వచ్చేనెల బిగిద్దాం."

ఇప్పుడు పొద్దున్నే కాఫీ పెట్టే పని సారుదే. కరెంటు బ్రష్షుకు కొత్త తల తొడిగి భార్య వాడుకుంటోంది. చార్జరు స్విచ్చి పక్కన 'ముట్టుకోకండి' అని చీటీ అంటించింది. సారు చేతికి మళ్ళీ పాత బ్రష్షే వచ్చింది. రెండువైపులా శ్రద్ధగా తోముతాడు గానీ, ఏం చిత్రమో, నోటితో జుయ్యిమనకపోతే చెయ్యి కదలడం లేదు.

"ఏవండీ," వంటింట్లోంచి కేక, "చార్జింగు అయిపోగానే రండి, మీ పాలు పొంగుతున్నాయి!"