మేకు కొట్టరాదు

ఆదివారం పదింటికల్లా హాల్లో గోడకి చేపల తొట్టె ఎక్కాలి. పదిన్నరకి అందులో చేపలు ఈదాలి. ఇదీ పథకం. పథకం వేసినవాడు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే మనిషి. దేన్ని చూసినా కొలత తీస్తాడని తోటివాళ్లు అతనికి మిల్లీమీటరు అని పేరు పెట్టారు. కోపం వస్తే భార్య కూడా అలాగే పిలుస్తుంది.

తొట్టె కూతురి కోసం. ఎనిమిదేళ్ల ఆ పిల్ల రెండేళ్లలో మూడు ఇళ్లు మారింది. ఈ ఇంటికి వచ్చినప్పుడు పుస్తకాల పెట్టె విప్పనంది. "మళ్లీ సర్దాలిగా నాన్నా," అంది. ఆ మాట అతని మనసులో ముల్లులా దిగింది. గోడకి చేపలుంటే ఈ ఇంట్లోనే ఉంటామని నమ్ముతుందని అతని ఆశ. నిజంగానే ఆ పొద్దున పిల్ల మొదటిసారి పెట్టె తెరిచి చేపల బొమ్మల పుస్తకం బయటికి తీసింది.

చిక్కల్లా ఇంటి యజమానితోనే. పైవాటాలో ఉండే ఆయన రిటైరైన హెడ్మాస్టరు. అద్దె కాగితంలో పద్నాలుగు షరతులు రాయించారు. మొదటి దాని కింద రెండు గీతలు కూడా గీశారు: గోడకి మేకు కొట్టరాదు, కొడితే నెలాఖరుకి ఇల్లు ఖాళీ. అందుకే ఆ ఇంట్లో క్యాలెండరు కూడా కుర్చీలోనే కూచుంటుంది. అయితే ఆ ఆదివారం హెడ్మాస్టరుగారూ భార్యా ఆయన పాత స్కూల్లో ఏదో సభకి వెళ్లారు. సాయంత్రానికి గాని రారు. వచ్చేసరికి చేపలు ఈదుతుంటే, ప్రాణమున్న వాటిని దింపమని ఎలా అంటారని మిల్లీమీటరు ధీమా.

"వాటిని దింపమనరు. మనల్ని పొమ్మంటారు," అంది భార్య.

తొట్టె బిగించడానికి పిలిచిన ఫిట్టరు వచ్చి ముందు వేలి కణుపుతో గోడని తట్టాడు. నీళ్లు పోస్తే తొట్టె నలభై కిలోలవుతుంది కాబట్టి గోడ గట్టిది కావాలన్నాడు. కిటికీ పక్కన టక్కు టక్కుమంది. మధ్యకి వచ్చేసరికి డబ్బు డబ్బుమంది. లోపల డొల్లగా ఉందని, కాస్త జరుపుకుందామని అతను చెప్పి చూశాడు. కిటికీకీ స్విచ్చిబోర్డుకీ సరిగ్గా నడిమధ్యన రావాల్సిందేనని మిల్లీమీటరు పట్టుబట్టాడు. డ్రిల్లు వెన్నలో దిగినట్టు దిగిపోయింది.

మిల్లీమీటరు కన్నానికి కన్ను ఆనించాడు. చీకటి. టార్చి వేస్తే లోపల ఏదో తళుక్కుమంది. అంతవరకూ వద్దు వద్దన్న భార్య అతన్ని పక్కకి తోసి తనూ చూసింది.

"కొంచెం పెద్దది చేస్తే తెలుస్తుందేమో," అంది.

కొంచెం పెద్దది చేశారు. పిల్లకి అందలేదని కింద ఇంకోటి చేశారు. పదిహేనేళ్ల పనిలో ఇలాంటి గోడ చూడలేదంటూ ఫిట్టరు తన వంతుగా సుత్తి తీశాడు. కన్నం సాసరంత అయింది. గోడ ఏమైపోతుందన్న ధ్యాస ఎవరికీ లేదు. లోపలేముందో తెలిస్తే గాని నిద్రపట్టేలా లేదు.

చప్పుడు విని ఎదురింటి పిన్నిగారు వచ్చారు. ఆవిడా ఒక కన్ను మూసి చూసి, లోపలున్నవి నగలేనని తేల్చేశారు. ఎవరికీ చెప్పనని ఒట్టేసి, మెట్లు దిగుతూనే హెడ్మాస్టరుగారి భార్యకి ఫోను చేశారు. ఆ ఫోనులో కన్నం గోడయింది, గోడ ఇల్లయింది.

అరగంటలో వాకిట్లో కారు ఆగింది. సరిగ్గా అప్పుడే, పల్చటి చెక్కా దానిమీది సిమెంటు పూతా కలిసి దబ్బున ఊడిపడ్డాయి. దుమ్ము తగ్గాక చూస్తే గోడలో గూడు, గూట్లో పాత గాజు తొట్టె. అడుగున ఎండిపోయిన గులకరాళ్లు, ఒక నీలం బొమ్మ పడవ.

"నెలాఖరుకి ఖాళీ చెయ్యండి," అన్నారు హెడ్మాస్టరుగారు గుమ్మంలోంచే. లోపలికి ఇంకా చూడలేదు. పిల్ల చేతిలో పుస్తకాన్ని తిరిగి పెట్టెలో పెట్టి మూత వేసింది. అది చూసి మిల్లీమీటరుకి ఏడుపొచ్చినంత పనైంది.

హెడ్మాస్టరుగారి భార్య ఎవరినీ పట్టించుకోకుండా గూటి దగ్గరికి వెళ్లి పడవని చేతిలోకి తీసుకున్నారు.

"ఇది నా పడవ," అన్నారు. "తొట్టె మీ స్కూల్లో ఉందన్నారుగా?"

హెడ్మాస్టరుగారు అప్పుడు లోపలికి చూశారు. చూసి, కుర్చీలో క్యాలెండరు మీదే కూలబడ్డారు.

పన్నెండేళ్ల కిందట వాళ్లు ఈ కింది వాటాలోనే ఉండేవారు. ఆవిడ చెల్లెలింటికి వెళ్లిన పది రోజుల్లో ఆయన చేపలకి మేత వెయ్యడం మరిచిపోతే అవి చచ్చిపోయాయి. తొట్టె గూట్లోంచి ఎంతకీ ఊడిరాకపోతే దాని మీదుగానే గోడ పూయించేసి, చేపల్ని తొట్టెతో సహా స్కూలుకి ఇచ్చేశానని చెప్పారు. అప్పట్నుంచి ఆవిడ నెలనెలా మేత డబ్బా కొనిచ్చేవారు, ఆయన నెలనెలా చేపల క్షేమసమాచారాలు తెచ్చేవారు. వాటికి రెండుసార్లు పిల్లలు కూడా పుట్టాయి. ఆ రోజు సభ మొదలుకాకముందే చేపల్ని చూపించమని ఆవిడ కూచున్నారు. ఆయనకి చెమటలు పడుతుండగా పిన్నిగారి ఫోను వచ్చింది. బతుకుజీవుడా అని ఆవిడని కారెక్కించారు. పెనం మీంచి తిన్నగా పొయ్యిలోకి వచ్చిపడ్డారు.

ఆవిడ పడవ మీది దుమ్ము కొంగుతో తుడిచారు. తుడిచి, ఈ తొట్టె కడిగితే పనికొస్తుందా అని ఫిట్టర్ని అడిగారు. అంచులకి కొత్తగా జిగురు పట్టిస్తే భేషుగ్గా పనికొస్తుందన్నాడు. మరి కొత్త తొట్టెని ఏం చెయ్యాలని మిల్లీమీటరు మెల్లిగా అడిగాడు.

"పైకి తీసుకురా నాయనా. మా ఆయన కుర్చీకి ఎదురుగా కొడదాం," అన్నారు ఆవిడ. "మీరు లేచి, ఆ కొలత టేపు రెండో కొస పట్టుకోండి."

హెడ్మాస్టరుగారు లేచి పట్టుకున్నారు.

సాయంత్రానికి పిల్ల పెట్టె మొత్తం ఖాళీ చేసి, పుస్తకాలన్నీ కిటికీ అరుగు మీద వరసగా పేర్చింది. ఖాళీ పెట్టెని తండ్రి చేతికిచ్చి పారెయ్యమంది. పైవాటాలో గోడకి నాలుగు మేకులు దిగాయి. అద్దె కాగితంలో మొదటి షరతు కొట్టేసి, దాని కింద ఆవిడ తన దస్తూరీతో కొత్తది రాశారు: ఇంటి యజమాని గోడకి సిమెంటు పుయ్యరాదు.