ఈ శనివారం అందరూ రండి

కార్లు అమ్ముకునేవాడు తన మొహాన్ని హోర్డింగెక్కించాలా, వద్దా? ఎక్కించాలి! ఇరవై అడుగుల ఎత్తున, నాలుగు రోడ్ల కూడలిలో! కాదన్నవాడికి వ్యాపారం తెలీదని రాసిస్తాను. కుమాసీలో పదకొండేళ్లుగా పాత కార్ల యార్డు నడుపుతున్నవాణ్ణి. పైగా మార్కెటింగులో డిగ్రీ ఉంది.

నిరుడు వానాకాలం బేరాలు పడిపోయాయి. తొమ్మిది కార్లకీ టైర్ల కింద గడ్డి మొలిచింది. ఇంకో నెల ఇలాగే గడిస్తే యార్డు మూసేసి, మా పల్లెకెళ్లి కోకో కాయలు కొట్టుకోవడమే. అప్పుడు గుర్తొచ్చింది నా చదువు.

నల్ల సూటేసుకుని ఫొటో దిగాను. నవ్వితే జనం నమ్మరని పెదాలు బిగించాను. చుట్టూ బంగారు అంచు. పైన నా పేరు, యా సాఫో. కింద, ‘ఈ శనివారం అందరూ మా యార్డుకు రండి.’ కారు బొమ్మ పెట్టలేదు. పెడితే నా మొహం చిన్నదైపోదూ?

మా ఆవిడ అబ్రాఫి చూసి, ఆ నల్ల సూటు అదోలా ఉందయ్యా, మార్చమంది. డిగ్రీ లేనివాళ్లు అలాగే అంటారని ఊరుకున్నాను.

మా ఊళ్లో రోడ్డు పక్కన అంతంత మొహాలు ఎవరికి కడతారు? శనివారం రమ్మని ఎవరి తరఫున పిలుస్తారు? పాలు తాగే పిల్లకైనా తెలుసు, పోయినవాళ్లకని! కుమాసీ మొత్తమ్మీద తట్టనిది నాకొక్కడికే.

ఇక హోర్డింగు మహిమ చూడండి. శనివారం పొద్దున నేనొక కారు కింద దూరి ఆయిలు ఎక్కడ కారుతోందో చూస్తున్నాను. అబ్రాఫి బజారుకెళ్లింది. గేట్లోంచి జనం! రెండొందల మంది, అందరూ చావుకి కట్టే నలుపూ ఎరుపూ బట్టల్లో. మా పల్లె నుంచి చిన్నత్త బస్సు మాట్లాడుకుని మరీ ఏడుస్తూ దిగింది. బయటికి రాబోయాను. ఈలోగా ఎవరో నన్ను పొగడ్డం మొదలెట్టారు. ఆగిపోయాను.

అంతలో న్యార్కో మాస్టారి గొంతు. రెండేళ్ల కింద ఆయనకో కారు అంటగట్టాను. మూడో గేరు పడదు. ఆయన వచ్చినప్పుడల్లా, సాఫో టెమా రేవుకెళ్లాడని చెప్పించేవాణ్ణి.

"పోనీలే సాఫో," అన్నాడాయన నిదానంగా. "ఆ గేర్‌బాక్సు ఊసు ఇక ఎత్తను. హాయిగా వెళ్లు."

బుద్ధున్నవాడైతే ఏం చేస్తాడు? చీకటి పడేదాకా కారు కిందే పడుంటాడు! కానీ చిన్నత్త నా గుణగణాలన్నీ చెప్పి, చివరికి డిగ్రీ మాట మర్చిపోయింది. ఎలా ఓర్చుకోను? పాక్కుంటూ బయటికొచ్చి, ఆయిలు మొహంతో, "అత్తా, డిగ్రీ కూడా ఉంది కదే," అన్నాను.

చిన్నత్త మూర్ఛపోయింది. మాస్టారు మాత్రం నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"బతికే ఉన్నావా నాయనా? అయితే గేర్‌బాక్సు మార్చు."

రెండొందల మంది ముందు సరేనన్నాను. సోమవారమే మార్చాను. ఆ నెల ఐదు కార్లు అమ్ముడుపోయాయి. కొన్న ఐదుగురూ మాస్టారి కారెక్కి, ఆయన పక్కన కూర్చుని, మూడో గేరు వేయించుకుని చూసినవాళ్లే. హోర్డింగు చూసి కొన్నవాడు? ఒక్కడూ లేడు.

అలాగని దాన్ని తక్కువ చేయకండి. నేను బతికే ఉన్నానని ఊరంతా చాటింది అదే. ఇప్పుడు రేవుకెళ్లానంటే నమ్మేవాడు లేడు. నేను పదకొండేళ్లలో అమ్మిన కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి యార్డులోకి వస్తున్నాయి, మెల్లిగా, రెండో గేర్లో.